బురదలో ఫోటోలు

వంతెన కొట్టుకుపోయిన వరద ఏడాది అది.

నీళ్లు తీశాక ఫోటోగ్రాఫర్ తన స్టూడియో తలుపు తెరిస్తే, ఫోటోల కవర్లన్నీ బురద ముద్దలై ఉన్నాయి. అన్నీ జనం ఫోటోలే.

అడగవచ్చిన వాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పాడు.

"మొత్తం వాషౌట్. ఇంటికెళ్లండి."

గది ఖాళీ చేసి, సున్నం కొట్టించి, మళ్లీ తెరిస్తేగానీ ఇంట్లో పొయ్యి వెలగదు.

అప్పుడొచ్చాడు ఒక ముసలాయన. కుప్ప దగ్గర కూలబడి చాలాసేపు వెతికాడు. తర్వాత టబ్బులో మంచినీళ్లు పోసుకుని, ఒక్కో ఫోటో విడదీసి, వేలికొసతో బురద కడిగి, తీగ మీద ఆరేశాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు.

తీగ మీద పెళ్లికూతుళ్లు, పసిపిల్లలు, పోయిన తాతలు తేలారు. ఎవరిది వాళ్లు గుర్తుపట్టి, కళ్లు తుడుచుకుంటూ పట్టుకుపోయారు.

ఫోటోగ్రాఫర్‌కి మాత్రం ఒళ్లు మండిపోతోంది. కాలు పెట్టే చోటు లేదు. సున్నం వేసేవాడు వచ్చి చూసి, విసుక్కుని వెళ్లిపోయాడు. ఎంత సణిగినా ముసలాయన మాత్రం తన పని తాను చేసుకుపోతున్నాడు.

ఒక సాయంత్రం ఫోటోగ్రాఫర్ ఇక ఆగలేకపోయాడు.

"పెద్దాయనా, ఇది స్టూడియోనా, బట్టలుతికే రేవా?"

"ఇంకాస్తే ఉంది బాబూ."

"మీదేదో ఏరుకుని వెళ్లండి. ఊరందరి మొహాలూ కడిగే పని మీకెందుకు? రేపు మిగతాదంతా చెత్తబండికి ఎత్తించేస్తున్నా. ఇక రాకండి."

ముసలాయన చేతిలో ఉన్న ఫోటో క్లిప్పుకు తగిలించాడు. చేతులు చొక్కాకి తుడుచుకుని వెళ్లిపోయాడు.

పీడ వదిలిందని ఫోటోగ్రాఫర్ ఇంటికొచ్చి భార్యతో అన్నాడు. అన్నం వడ్డిస్తున్నదల్లా ఆమె ఆగిపోయింది. వరదకు ముందు స్టూడియో కౌంటర్లో ఆ ముసలాయన దగ్గర ఒక ఫోటో అందుకున్నది తనేనంది. చనిపోయిన భార్యదట. ఉన్నది ఆ ఒక్కటే. పెద్దది చేయించమని ఇచ్చాడు.

ఎక్కడుంటాడో ఆమెకూ తెలియదు.

"అయ్యో, దొరక్కుండానే పంపేశానా?"

"మొదటిరోజే దొరికిందండీ. మీకు అన్నం తెచ్చినప్పుడు నాకు చూపించాడు. మొహం మొత్తం కరిగిపోయి, ఉత్త తెల్ల కాగితం మిగిలింది."



పొద్దున్నే చెత్తబండి వచ్చింది. ఫోటోగ్రాఫర్ దాన్ని వెనక్కి పంపేసి, చొక్కా చేతులు పైకి మడిచి, టబ్బు ముందు కూర్చున్నాడు.