ఊ కొట్టిన పాపం

సన్నెమ్మ మొగుణ్ణి చంపినవాడికి శిక్ష తగ్గించడానికి సన్నెమ్మే ఒప్పుకుందని ఎదురింటి కోడలు చేపల బజారంతా చెప్పుకొచ్చిందట. ఆ కబురు ఆడపడుచు నీలవేణి బుట్ట దించకుండానే మోసుకొచ్చింది.

"పన్నెండేళ్ల శిక్ష ఎనిమిదేళ్లు చేస్తారంట. నిజమేనా వదినా?"

సన్నెమ్మ పిండిచేతులతోనే గోడకున్న కబురుపెట్టె దగ్గరికి నడిచింది. శిక్ష ఖరారయ్యేలోపు ప్రతి మాటా బాధితులకు తెలియాలని కోర్టువాళ్లు వాళ్ల ఇళ్లల్లో బిగించే మాట్లాడే పెట్టె అది.

"నేనెప్పుడు ఒప్పుకున్నాను?"

"నిన్న ముద్దాయి వినతులు నాలుగు చదివానమ్మా. నాలుగింటికీ మీరు ఊ అన్నారు," అంది పెట్టె మర్యాదగా.

నీలవేణి నెత్తి కొట్టుకుంది. "మా అన్న కబుర్లకి ఊ కొట్టినట్టు దీనిక్కూడా కొట్టేశావా?"

"అభ్యంతరముంటే సాయంత్రం అయిదులోపు చెప్పవచ్చు. ముందు అన్నీ మళ్లీ వినాలి. మొదటిది, ముద్దాయికి ముసలి తల్లి ఉంది. వింటున్నారా?"

గొంతుదాకా వచ్చిన ఊను సన్నెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఆపింది.

"వింటున్నారా అమ్మా?"

సన్నెమ్మ కొంగు తీసింది.

"మా ఇళ్లల్లో ఊ అంటే వింటన్నామని, ఒప్పుకున్నామని కాదు. పన్నెండేళ్లలో ఒక్క పూట తగ్గినా నేనొప్పుకోను. ముందది రాసుకుని, తర్వాత చదువు."