మేనమామ గారి దూరాలు

మా అన్నయ్య చలపతిరావుకి ప్రపంచంలో తెలియని దూరం లేదు. బాపట్ల నుంచి మా అమ్మాయి సాయిప్రియ పెళ్లి శుభలేఖ పట్టుకుని రేపల్లెలో వాళ్ల గుమ్మం ఎక్కానో లేదో, కుర్చీలోంచి లేవకుండానే ఫోను చూపించాడు.

“సింగపూర్ నుంచి న్యూయార్క్ పదిహేను వేల కిలోమీటర్లు పున్నమ్మా. విమానం పద్దెనిమిది గంటల్లో దింపేస్తుందంట.”

“సంతోషం అన్నయ్యా. రేపల్లె నుంచి బాపట్లకి ఎంతసేపో కూడా అందులోనే చూడు. నిశ్చితార్థానికి నువ్వు రాలేదు.”

“బాపట్ల దూరం కదే,” అన్నాడు, మొహంలో ఏ మార్పూ లేకుండా.

నేనూ తక్కువ తినలేదు. “తెలుసు. అందుకే పెళ్లి మీ వీధి చివరున్న మండపంలో పెట్టాం. తెనాలి నుంచి మగపెళ్లివారిని కూడా ఇక్కడికే రమ్మన్నాం. సాయిప్రియకి ఉన్న ఒక్క మేనమామవి. దాన్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకురావాల్సింది నువ్వే. వీధి చివరికి విమానం ఎన్నింటికో చూసుకో.”

నవ్వుతాడనుకున్నాను. ఫోను పక్కన పెట్టి లేవబోయాడు. కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచి, మళ్లీ కూలబడ్డాడు.

“వీధి చివరికి ఆటోలో వస్తానే. పిల్లని మోసుకుని పీటల దాకా నడిచే ఆ నాలుగడుగులే నా వల్ల కాదు. మోకాళ్లు పోయాయి. ఎవరికీ చెప్పలేదు.”

శుభలేఖ అతని ఒళ్లో పెట్టాను.

“నువ్వు బుట్ట మీద చెయ్యి వెయ్యి చాలు, మోత సంగతి నేను చూసుకుంటా. ఈ ముక్క చెప్పడానికి న్యూయార్క్ చుట్టి రావాలా అన్నయ్యా?”