ఇక్కడ వాగొద్దు

"అయ్యా, ఇక్కడ వాగుండాలి. వెనక గోడకి కింద కాస్త సందు పెట్టించండి" అన్నాడు గేటు దగ్గర నిలబడ్డ మనిషి.

"ఇక్కడ వాగొద్దు. చందాకొచ్చావా?" అన్నాడు ఇంటాయన.

"ఆ వాగుడు కాదండీ. నీళ్ల వాగు. వానొస్తే ఇటే పారేది."

ఇంటాయన తికమకపడ్డాడు. స్థలం అమ్మినవాళ్లు నీటికుళాయి సంగతి చెప్పారుగానీ వాగు సంగతి ఎత్తలేదు.

"ఎవర్రా అదీ?" కింది గదిలోంచి తల్లి దగ్గుతూ అడిగింది.

"ఎవడో వాగుతున్నాడమ్మా. నువ్వు పడుకో."

ఏడాదిగా ఆవిడ చేస్తున్నది అదే. మంచం దిగలేదు.

ఆ మనిషి గదివైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

కాలనీ మహా శుభ్రంగా ఉండేది. కారు టైర్లకు మట్టి అంటుతోందని వీధంతా సిమెంటు పోశారు. ఆకులు రాలుస్తున్నాయని చెట్లు కొట్టేశారు. ఎగువన గుట్టనిండా మేడలు. ఎవరైనా జానెడు నేల ఖాళీగా వదిలితే, పాపం టైల్స్ వేయించుకోలేకపోయారని జాలిపడేవారు.

ఆదివారం మధ్యాహ్నం వాన పడింది. పెద్ద వానేం కాదు.

ఒకప్పుడైతే సగం మట్టిలో ఇంకి, మిగతాది నింపాదిగా పోయేది. ఇప్పుడు మొత్తం ఒక్కసారే, ఆఫీసు వదిలిన జనంలా దిగొచ్చింది. వెనక గోడ అడ్డం తగలడంతో ఇంట్లోకి మళ్లింది.

"ఇంత చిన్న వానకి ఇన్ని నీళ్లెక్కడివే?" మోకాలి లోతులో నిలబడి అడిగాడు ఇంటాయన.

"నన్నడిగితే? అత్తయ్య పరుపు తడుస్తోంది, పట్టండి!"

మంచం కదల్లేదు. అసలు సిసలు టేకు. వచ్చినవాళ్లందరికీ బరువు చూడమని చెప్పుకున్న మంచం.

పెరట్లో ధన్‌మని చప్పుడు. ఆ గేటు దగ్గరి మనిషే. గోడ దూకొచ్చి, గునపంతో గోడ అడుగున పొడుస్తున్నాడు. ఇటుకలు ఊడాయి. నీళ్లు ఒక్క ఊపున అవతలికి దూకాయి.

"నా గోడ!" ఇంటాయన అతని కాలర్ పట్టుకున్నాడు.

"అమ్మగారు లేవలేరు కదండీ" అన్నాడతను.

"అయితే నీకేంటి లాభం?"

అతను ఇంకో ఇటుక లాగేశాడు. చెప్పలేదంటే ఏదో ఉందనే కదా! పోలీసులొచ్చి తీసుకెళ్లారు.

గదిలో నీళ్లు తీశాయి. తల్లి నిద్రపోయింది. ఇంటాయనకి మాత్రం ఆ లాభమేమిటో తేలలేదు. గోడ ఎంత పోయిందో చూద్దామని కంతలోకి వంగాడు. అవతల ఏముందో ఆయన ఎప్పుడూ చూడలేదు. గోడ కట్టించిందే అందుకు.

కిటికీల దాకా నీళ్లలో ఒంటిగది ఇల్లు. రేకుల మీద చంకలో పిల్లతో ఒకామె.

"అయ్యో! ఇంట్లో మగవాళ్లెవరూ లేరామ్మా?" అరిచాడు ఇంటాయన.

"ఉన్నారండీ. ఇందాక మీరే పోలీసులకి పట్టించారు."