కోట దాటని యువరాజు

"అమ్మా, నా యువరాజుని ఏం చేశావు? పిరికివాడు, తాగుబోతు అని చూపిస్తోంది!" కంప్యూటర్లో పాతకాలపు రాజుల యుద్ధాల ఆట ఆడుతున్న తల్లిని అడిగాడు మౌళి.

"తాగుడేట్రా? నేను మంచినీళ్లైనా పొయ్యలేదు!" అంది లలితాంబ. "బయట శత్రువులున్నారని కోట దాటనివ్వలేదు. అంతే."

"అందుకే చెడిపోయాడు. పని లేకుండా కూర్చోబెడితే ఈ ఆటలో అంతే. యుద్ధానికి పంపితేనే సేనాపతి అవుతాడు."

"పంపితే చచ్చిపోతేనో?"

"కోటలో ఉన్నా ఏదో ఒకరోజు పోతాడమ్మా. ఏమీ కాకుండానే పోతాడు."

చింతపల్లి ఘాట్‌రోడ్డులో జీపు లోయలో పడి భర్త పోయినప్పటి నుంచి లలితాంబ కొడుకుని ఆ దారి తొక్కనివ్వలేదు. డీఎస్సీలో మౌళికి మేష్టారి ఉద్యోగం వచ్చింది ఆ చింతపల్లిలోనే. చేరడానికి రేపే ఆఖరు రోజు.

ఆమె మౌస్ కదిపింది. యువరాజు కోటగుమ్మం దాటాడు.

"పొద్దున్న ఫస్టు బస్సుకి వెళ్లు," అంది తల తిప్పకుండా. "పక్కింటి ఫణిశ్రీని ఎదురు రమ్మంటాను. నేను వంటింట్లోనే ఉంటాలే. విధవని, ఎదురు రాకూడదు."

మౌళి ఆమె పక్కన కూలబడ్డాడు.

"నువ్వు ఎదురొస్తేనే గుమ్మం దిగుతాను. లేదంటే ఇద్దరం కోటలోనే ఉండిపోదాం."