మగ్గం లేని ఇల్లు

బడికి కొత్తగా వేసిన తెలుగు అయ్యవారు చొక్కా విప్పుతూ రెండడుగులు వెనక్కి వేసి, మగ్గం గుంటలో పడ్డాడు.

ఆయన పేరు వెంకటపతి. వేసవి సెలవులు ముగిసేలోగా ఇల్లు కుదుర్చుకుందామని, భార్య సరసమ్మతో పట్టాభిరామ్‌లో రైలెక్కి, తిరుత్తణిలో దిగి, ఆర్.కె.పేట మీదుగా బస్సులో ఆ నేతపల్లెకు వచ్చి గంట కూడా కాలేదు. దిగింది ఊరిపెద్ద దామోదరం ఇంట్లో. మగ్గం పోను ఆ ఇంట్లో మనుషులకు మిగిలింది చాపంత జాగా.

దామోదరం, అతని భార్య తంగమ్మ చెరో రెక్క పట్టి పైకి లాగారు.

"మొదట్లో అందరూ పడతారు లే సార్. పోయిన అయ్యోరు దినామూ పడేవాడు" అని ఓదార్చింది తంగమ్మ.

"ఆయన ఏమయ్యాడు?"

"కాలు బాగయినాక ఎల్లిపొయినాడు."

వెంకటపతి మోకాలు తడుముకున్నాడు. "మగ్గం లేని ఇల్లు చూపించండి. లేదంటే రేపు పొద్దున బస్సుకే వెళ్లిపోతాం."

ఊరంతా దామోదరం వాకిట్లో చేరింది. ఇల్లు దొరక్క అప్పటికే ఇద్దరు అయ్యవార్లు వెళ్లిపోయారు. ఈయన కూడా నిలవకపోతే పోస్టు ఎత్తేస్తామని ఆఫీసులో తేల్చి చెప్పారు. ఇక ఈ తమిళనాట పిల్లలకు తెలుగు రాయడం నేర్పే దిక్కుండదు.

"మగ్గం లేని ఇల్లు యాడ తెచ్చేది మామా?" అన్నాడు కుర్ర నేతగాడు ధనకోటి. "నేను పుట్టిందే మగ్గం పక్కన."

"నిన్ను చూస్తే తెలస్తానే ఉండాది, పక్కన కాదు గుంటలోనే అని" అన్నాడు దామోదరం. కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఉన్నట్టుండి లేచి కండువా దులిపాడు. "ఒకటుండాది."

మర్నాడు మధ్యాహ్నానికల్లా ఇల్లు సిద్ధమైంది. పెంకుటిల్లు. గది ఒకటే గాని మంచి పొడవు. రెండువైపులా కిటికీలు. ఆడవాళ్లు అలికి ముగ్గు పెట్టారు. ధనకోటి ఓ మూల పొయ్యి కట్టాడు. అద్దె మాటెత్తితే దామోదరం చెవులు మూసుకున్నాడు.

సరసమ్మకు మాత్రం బెంగ పట్టుకుంది. "మా కోసం ఎవరిని ఖాళీ చేయించారన్నా?"

"వాళ్లకేం బాధ లేదమ్మా. చెప్పంగానే ఎగిరి గంతులేసినారు."

"ఎంతమంది?"

"చానామందే. అంతా పిల్లకాయలే."

"అయ్యో!"

ఎదుటి గోడ నల్లబారి ఉంది. పాపం, అంతమందికి వండి వండి పొగచూరిందేమో అనుకుని దాని మీద దేవుడి పటాలు తగిలించింది. చూరుకు వేలాడే ఇనుప ముక్కకు ఉల్లిపాయల బుట్ట కట్టింది.

ఊరు అయ్యవారిని అరచేతుల్లో పెట్టుకుంది. పొద్దున ఆయన లేచేదాకా వీధిలో ఒక్క మగ్గమూ ఆడేది కాదు. ఎదురింటి అరుగు మీద కూర్చుని తంగమ్మ కిటికీ వైపే చూస్తూండేది. ఆయన వేపపుల్ల నోట్లో పెట్టుకోగానే చెయ్యి ఊపేది. వీధంతా టకటకమనేది.

బడి చూపించమని ఎప్పుడడిగినా దామోదరం, "దగ్గిరే సార్, తొందరేముంది?" అనేవాడు.

వారం తిరిగేసరికి వెంకటపతి మెత్తబడ్డాడు. మిగతా సామాను పంపమని పట్టాభిరామ్‌కు కార్డు రాశాడు. ఆ కార్డును ధనకోటి స్వయంగా సైకిలు తొక్కి, ఆర్.కె.పేట పోస్టులో వేసి వచ్చాడు.

"ఇక్కడే ఉంటాం గాని అన్నా, ఆ పిల్లల్ని ఒకసారి పిలవండి. కడుపునిండా పెడితే తప్ప నాకు మనశ్శాంతి లేదు" అంది సరసమ్మ.

"పిలిచే పనిలేదమ్మా. సోమవారం వాళ్లే వస్తారు" అన్నాడు దామోదరం, ఎటో చూస్తూ.

సోమవారం బడి తెరిచే రోజు. సరసమ్మ తెల్లవారే లేచి పెద్ద గిన్నెడు పులిహోర కలిపింది. వెంకటపతి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గొడుగు చంకలో పెట్టుకుని, దారి చూపించే దామోదరం కోసం అటూ ఇటూ తిరుగుతున్నాడు.

చూరు కింద ఇనుప ముక్క ఖంగుమంది. ఉల్లిపాయలు జలజలా రాలాయి.

సరసమ్మ గబగబా తలుపు తీసింది. ఇల్లు ఖాళీ చేసిన పిల్లలంతా పలకలు పట్టుకుని, "నమస్కారం సార్" అంటూ వరసగా లోపలికి వచ్చి, ఎవరి చోట్లో వాళ్లు కూర్చున్నారు.