పడటం

“ఇదేనా మీరు నేర్పేది? పడటం!”

చెప్పులైనా విప్పకుండా హాల్లోకి దూసుకొచ్చాడు అన్న. చాప మీద వెల్లకిలా పడుతూ, లేస్తూ సాధన చేస్తున్న చెల్లెలు ఉన్నచోటే ఆగిపోయింది.

“ముందు చెప్పులు విప్పండి” అంది కరాటే మేడం.

విప్పి మూలకి విసిరాడు. “మా చెల్లితో పాటు చేరినవాళ్ళు అటు చూడండి, గుద్దులూ తన్నులూ ఇరగదీస్తున్నారు. ఇదొక్కతే వచ్చిన దగ్గర్నుంచీ నేల మీద దొర్లుతోంది! ఆఫీసులో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. రేపెవడైనా ఏం నేర్చుకుందని అడిగితే, బ్రహ్మాండంగా పడుతుందని చెప్పనా?”

“పడటం కూడా విద్యేనండీ. గడ్డం ఛాతీకి ఆనించాలి. ఊపిరి వదిలేయాలి. ఒళ్ళు బిగబట్టకూడదు. మీదికొచ్చే బలానికి అడ్డు నిలవకుండా, దాంతోపాటే వెళ్ళిపోవాలి. అప్పుడు...”

“ఈ కబుర్లు నా దగ్గర కాదు!” అతను చాప మీదికి వచ్చేశాడు. “రోడ్డు మీద ఎవడో వెధవ వచ్చి ఇలా అన్నాడనుకోండి...” అంటూనే చెల్లెలి భుజం పట్టుకుని ఒక్క తోపు తోశాడు.

ఆమె పడింది. తల నేలకి తగల్లేదు. అరచెయ్యి చాపని చరిచిన చప్పుడు మాత్రం హాలంతా వినిపించింది. మరుక్షణంలో లేచి నిలబడింది.

గుద్దులు సాధన చేస్తున్నవాళ్ళు కూడా ఆపేసి ఇటే చూస్తున్నారు.

“చూశారా? పడింది! చెయ్యెత్తి అడ్డుకోను కూడా లేదు! మోసం కాకపోతే ఏమిటండీ ఇది?”

అంతసేపూ ఓపిక పట్టిన మేడం ముఖం ఎర్రబడింది. “నన్నంటారేంటి? చేరిన రోజే కొట్టడం నేర్పుతానన్నాను. మీ చెల్లెలే వద్దంది. పడటం ఒక్కటీ నేర్పితే చాలంది.”

అన్న గిరుక్కున చెల్లెలి వైపు తిరిగాడు. “వద్దన్నావా? బుద్ధుందా నీకు? ఎవరైనా కొట్టడం నేర్పుతామంటే వద్దంటారా?”

చెల్లెలు వదులైన నడికట్టు బిగించుకుంది.

“మా ఆయన కొడుతున్నారని నీ దగ్గరికొచ్చి ఏడిస్తే, నోరెత్తకుండా పడి ఉండమన్నావు కదన్నయ్యా. ఎముకలు విరక్కుండా ఎలా పడాలో నేర్చుకుంటున్నాను.”