ఆరు వస్తువులు చాలు

"ఆరు. ఏడోది ముట్టుకోవద్దు," అంది పెద్దత్త.

ముందుగది నేల మీద ఇల్లంతా పరిచి ఉంది. గిన్నెలు, దుప్పట్లు, టార్చిలైటు, బియ్యం సంచి, భర్త గడియారాలు బాగుచేసే పనిముట్ల పెట్టె, పాప స్కూలు బ్యాగు. మందుల షాపులో పనిచేసే కోడలు వాటి మధ్య మోకాళ్ల మీద కూర్చుంది. ఏది తియ్యాలో, ఏది వదలాలో ఆమెకి పాలుపోవడం లేదు.

మధ్యాహ్నం మైకులో చెప్పిపోయారు. వంతెన పేల్చేశారట. పొద్దుగూకేలోగా సైన్యం ఊళ్లోకి వస్తుందట. ఎవరి సైన్యమో చెప్పలేదు. ఎవరిదైతేనేం? పోయినసారి వచ్చినప్పుడు పై వీధిలో ఒక్క మగాణ్ణీ మిగల్చలేదు. రోడ్లన్నీ మూసేశారు. ఇటుకబట్టీల వెనక మొదలయ్యే అడవి ఒక్కటే దిక్కు. అందులో ఎన్నాళ్లు తలదాచుకోవాలో తెలియదు. చలికాలమైతే దాటాలి.

అయినా ఆ ఇంట్లో ఎవరూ ఏడవలేదు. పెద్దత్త ఉంది కాబట్టి.

ఆవిడ కోడలి భర్తకి స్వయానా పెద్దమ్మ. ముప్పై ఏళ్ల కిందటి యుద్ధంలో మూడేళ్లు జాడ లేకుండా పోయి, పుల్లలా ఎండిపోయి తిరిగొచ్చింది. ఎక్కడున్నావే అని అడిగితే "అడవిలో" అంది. ఇంకేమీ చెప్పలేదు. ఎవరూ రెట్టించలేదు. ఆ రోజు నుంచి వీధిలో ఆవిడ మాటకి ఎదురులేదు. పిల్లలు చుట్టూ చేరితే దుంపలు తవ్విన కథ, ఎలుగుబంటిని తరిమిన కథ చెప్పేది. ఎప్పుడూ ఆ రెండే.

"కత్తి. మూతున్న గిన్నె. తాడు. స్కూటరు మీద కప్పే టార్పాలిన్. ఉప్పు. అగ్గిపెట్టెలు, కవర్లో చుట్టి. అంతే. బట్టలు ఎన్నుంటే అన్నీ ఒంటి మీద వేసుకోండి."

"మరి బియ్యం?" అంది కోడలు.

"ఎవరు మోస్తారు? దుంపలుంటాయిగా, నేను చూపిస్తా."

"పోనీ టార్చి..." నసిగాడు భర్త.

"దేనికిరా? మేమిక్కడున్నాం రండి బాబూ అని వాళ్లకి దారి చూపించడానికా?"

పాప కిసుక్కున నవ్వింది. ఆ రోజు ఆ ఇంట్లో వినబడ్డ నవ్వు అదొక్కటే.

ఆ నవ్వు వెంటనే దగ్గయింది. పాపకి ఉబ్బసం. చలిగాలి తగిలితే చాలు, ఛాతీలో ఈలలు మొదలవుతాయి. కోడలు ఇన్‌హేలర్‌ని పాప జేబులో పెట్టి బొత్తాం వేసింది.

"అది లెక్కలోకి రాదులే," అంది పెద్దత్త.

"పన్నెండు రోజులకి మించి రాదత్తయ్యా. తరవాత నా బిడ్డ గతేంటి? షాపు కింద గోడౌనుంది. పాపా నేనూ అందులో దాక్కుంటాం. కనీసం మందులుంటాయి."

"వాళ్లు ముందు పగలగొట్టేది మందుల షాపే."

"మరి అడవిలో ఏముంది?"

పెద్దత్త కిటికీలోంచి బయటికి చూసింది. అటే చూస్తూ, "ఓ ఆకుంది. దంచి ఆవిరి పడితే ఊపిరాడుతుంది. నాకు తెలుసు," అంది.

కోడలు ఆ మాట పట్టుకుని లేచింది. ఏడోదవుతుందని ఇంట్లో ఉన్న మందుల పెట్టె బీరువాలో పెట్టి, అలవాటు కొద్దీ తాళం వేసింది.

గుమ్మం దిగేసరికి పక్కింటి బేకరీ ఆయన తోపుడుబండి మీద సగం సంసారం వేసుకుని నిలబడ్డాడు. వెనకాల భార్య, చంకలో చంటిది.

"ఇంటికి ఆరు," అంది పెద్దత్త.

ఆయన ఒక్క మాట అడగలేదు. పిండి బస్తాలు, పరుపు, పాలడబ్బాలు రోడ్డు మీదే దించేశాడు. అది చూసి ఎదురింటివాళ్లూ దించేశారు. వీధి చివరికి వచ్చేసరికి ఇరవైముగ్గురు. పెద్దత్త వెనక నడిస్తే చాలన్న ధైర్యం తప్ప ఎవరి దగ్గరా పెద్దగా ఏమీ లేదు.

ఇటుకబట్టీలు దాటుతుండగా మొదటి ఫిరంగి పేలింది. వెనక్కి తిరిగితే మందుల షాపున్న వైపు నల్లటి పొగ. ఇక వెనక్కి వెళ్లేందుకు ఏమీ లేదు.

చెట్లు మొదలైన చోట పెద్దత్త ఆగింది. ఆవిడ ఆగగానే అందరూ ఆగారు.

"ఎటు పెద్దమ్మా?" అన్నాడు భర్త.

ఆవిడ ఆ చెట్లకేసి తలెత్తి చాలాసేపు చూసి, కోడలి మోచెయ్యి పట్టుకుని, వెనకాలవాళ్లకి వినబడకుండా అడిగింది: "అమ్మాయ్, అడవంటే ఇలా ఉంటుందా?"